మినీ క్రేన్ వెనక ఇసుక బస్తాలు వద్దు

విశాఖపట్నంలో మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం వైపు ఏ వీధిలో తలెత్తి చూసినా సగం కట్టిన మేడ మీద ఒక చిన్న క్రేన్ కనిపిస్తోంది. నాలుగు ఇనప కాళ్ళు, మధ్యలో నిలువు గొట్టం, దాని మీద అటూ ఇటూ తిరిగే చెయ్యి, మోటారు, డ్రమ్ము, సన్నటి వైరు రోపు, చివర కొక్కెం. కొందరు మినీ క్రేన్ అంటారు, కొందరు మంకీ లిఫ్టు అంటారు, మేస్త్రులు ఉత్తినే ‘మిషను’ అంటారు. విడదీసి ట్రాలీ ఆటోలో వేసుకెళ్ళొచ్చు. ముక్కలుగా మెట్ల మీదుగా పైకి చేర్చి అక్కడ బిగించుకోవచ్చు. స్లాబు అంచున నిలబెట్టి, చెయ్యి బయటికి తిప్పి మీట నొక్కితే, రోడ్డు మీదున్న ఇటుకల తొట్టి మూడో అంతస్తుకి వచ్చేస్తుంది. అది ముందుకి తూలి పడిపోకుండా ఆపేది వెనక కాళ్ళ మీద పెట్టిన బరువు. విశాఖలో నేను తిరిగే సైట్లలో ఆ బరువు చాలా వరకూ ఇసుక బస్తాలే.

ఆ బస్తాలు తీసెయ్యాలని నేనంటాను. క్రేన్ ఉండాలి, దాని వెనక బరువు కూడా క్రేన్‌లో భాగంగానే ఉండాలి, సైటు సరుకు అక్కడ ఉండకూడదు. ఆ ఏర్పాటు జరిగిందో లేదో అడిగి, దానికయ్యే ఖర్చు పెట్టుకోవలసింది ఇల్లు కట్టించుకుంటున్న యజమాని. సొంత ఇళ్ళు కట్టించుకునేవాళ్ళకి పని చూసిపెట్టడమే నా వృత్తి కాబట్టి, ఈ మాట యజమానులకీ మేస్త్రులకీ మొహం మీదే చెబుతూ వస్తున్నాను. ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు క్రేన్ తరఫున నాలుగు మాటలు. పక్క సైటులో క్రేన్ పెట్టగానే గుండె పట్టుకుని, ‘ఎప్పట్లాగే మనుషుల చేత మోయించకూడదా’ అనేవాళ్ళున్నారు. మోయించడమంటే ఏమిటో లెక్క చూడండి. మన దగ్గర గోడలకి ఎక్కువగా వాడేది ఫ్లై యాష్ ఇటుక, అంటే బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో చేసేది. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది కాబట్టి బూడిదకి కరువు లేదు. ఒక్కో ఇటుక మూడు కిలోల పైమాటే. ఒక ఇంటికి 20,000 ఇటుకలు పడితే 60 టన్నులు దాటుతుంది. రెండు మూడంతస్తుల ఇల్లయితే అందులో సగానికి పైగా మెట్లెక్కాలి. సిమెంటు, ఇసుక, టైల్సు, గ్రానైటు పలకలు, తలుపు చట్రాలు, నీళ్ళ ట్యాంకు సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు. క్రేన్ లేని సైటులో ఇటుకా ఇసుకా ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్ళ తలల మీదే. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి వచ్చి సైటులోనే రేకుల షెడ్డు వేసుకుని ఉండే కుటుంబాలు అవి. నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు మగమనిషి 55 కిలోలకి మించి, ఆడమనిషి 30 కిలోలకి మించి మోయకూడదన్నాయి. తల మీద పది ఇటుకలు పెడితే ఆ ముప్పై దాటిపోయినట్టే. పైగా ముప్పై కిలోలు ఒకసారి మొయ్యడం వేరు, చేతిపట్టు కూడా బిగించని మెట్ల మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మొయ్యడం వేరు.

ఎండాడ దగ్గర ఒక సైటులో నడివయసు కూలీ ఒకావిడ, మిషను పెట్టిన వారానికి నాతో అన్నమాట: ‘ఇదొచ్చినాక మా మెడలు నిలబడ్డాయి బాబూ.’ ఆ మెడల కోసమైనా ఈ క్రేన్ ఉండి తీరాలి. దాన్ని నిషేధించమనేవాళ్ళతో నేను కలవను.

ఇక బరువు సంగతి. బావి నుంచి నీళ్ళు తోడే ఏతం ఎరిగినవాళ్ళకి ఇది పెద్దగా విడమర్చి చెప్పక్కర్లేదు. ముందు బాన వేలాడుతుంటే వెనక దూలం మీద మనిషి నడిచేవాడు. అతను ఇరుసుకి ఎంత దూరం జరిగితే అంత సులువుగా బాన లేచేది. మినీ క్రేన్‌లో ఆ ఇరుసు స్థానంలో ఉన్నవి ముందు కాళ్ళు. ముందు కాళ్ళ నుంచి కొక్కెం ఎంత దూరంలో ఉందో ఆ దూరాన్ని ఎత్తే బరువుతో గుణించండి. ముందు కాళ్ళ నుంచి వెనక బరువు ఎంత దూరంలో ఉందో దాన్ని ఆ బరువుతో గుణించండి. రెండోది మొదటిదానికంటే ఎక్కువ ఉన్నంతసేపూ క్రేన్ నిలబడుతుంది.

300 కిలోలు ఎత్తే మిషను అనుకుందాం. కొక్కెం ముందు కాళ్ళకి 1.2 మీటర్లు బయటికి ఉంది. 300ని 1.2తో గుణిస్తే 360. వెనక బరువు ముందు కాళ్ళకి 1.5 మీటర్ల వెనక ఉంది. 360ని 1.5తో భాగిస్తే 240. అంటే 240 కిలోలు పెడితే తూగు సరిగ్గా సరిపోయింది. సరిపోయింది అంటే వెనక కాళ్ళు నేలకి ఆని ఉన్నాయే తప్ప వాటి మీద భారమేమీ లేదు, చిటికెన వేలితో ఎత్తినా లేస్తాయి. మిషను సొంత బరువు కొంత కలిసొస్తుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉంటేనే మేలు. ఈ 240కి కనీసం మూడింతలు, 720 కిలోలు వెనక ఉండాలని నేను పట్టుబడతాను.

మూడింతలు ఎందుకని ప్రతి మేస్త్రీ అడుగుతాడు. అడగవలసిన ప్రశ్నే. ఎందుకంటే, కొక్కేనికి తగిలించినది 300 కిలోలే అయినా రోపు మీద పడే లాగుడు ఎప్పుడూ అంతే ఉండదు. తొట్టి కింది నుంచి వస్తూ వస్తూ సజ్జ అంచుకి తగులుకుంటుంది. లేకపోతే సెంట్రింగ్ కోసం బయటికి వదిలిన కర్రకి చిక్కుకుంటుంది. మోటారుకి కళ్ళు లేవు, మీట నొక్కి ఉన్నంతసేపూ అది లాగుతూనే ఉంటుంది. అప్పుడు క్రేన్ ఎత్తుతున్నది ఇటుకలని కాదు, సజ్జని పెళ్ళగించబోతోంది. మోటారు బలం ఎంతుంటే అంత లాగుడూ ముందు కాళ్ళ మీద పడుతుంది. మీట మీద చెయ్యి తియ్యడానికి పట్టే ఆ రెప్పపాటు కాలంలో వెనక కాళ్ళు లేస్తాయి. ఇంకోటి, తొట్టిని లోపలికి తీసుకోవడానికి చెయ్యిని పక్కకి తిప్పుతారు. బరువు పెట్టింది వెనక. చెయ్యి పక్కకి తిరిగాక తూలేది పక్క కాళ్ళ మీదుగా. అటువైపు బరువుకి ఉన్న దూరం ఒకటిన్నర మీటర్లు కాదు, అందులో సగం కూడా ఉండకపోవచ్చు. ముందుకి నిలబడిన క్రేన్ పక్కకి నిలబడుతుందని భరోసా ఏమీ లేదు. ఈ రెండింటికీ కలిపే ఆ మూడింతలు.

ఇప్పుడు బస్తాల దగ్గరికి వద్దాం. ఖాళీ సిమెంటు సంచిలో మూతి కట్టడానికి వీలుగా ఇసుక నింపితే సుమారు 40 కిలోలు. 720 కిలోలకి 18 బస్తాలు కావాలి. మీ వీధిలో ఉన్న క్రేన్ వెనక ఎన్ని ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టి చూడండి. నేను చూసే సైట్లలో ఆరు నుంచి పది దాకా ఉంటాయి. ఆరు బస్తాలంటే 240 కిలోలు, అంటే పైన చెప్పిన చిటికెన వేలి తూగు.

అసలు చిక్కు ఆ సంఖ్య కూడా కాదు. మొదటి రోజు పద్దెనిమిది పెట్టించినా అవి పద్దెనిమిదిగా ఉండవు. ఇసుక అనేది ఆ సైటులో రోజూ ఖర్చయ్యే సరుకు. రెండో అంతస్తులో గోడకి ప్లాస్టరింగ్ చేస్తుంటారు. మాలు కలపడానికి నాలుగు తట్టల ఇసుక తక్కువైంది. కిందికి దిగి జల్లించి, మళ్ళీ మిషనెక్కించి తేవాలంటే అరగంట. పైన క్రేన్ వెనక జల్లించిన ఇసుక బస్తాల్లో సిద్ధంగా ఉంది. హెల్పరు కుర్రాడు వెళ్ళి ఒక బస్తా మూతి విప్పుతాడు. మధురవాడలో ఒక సైటులో ఇది నా కళ్ళెదుటే జరిగింది. ఆపి అడిగాను. ‘మళ్ళీ నింపి పెట్టేస్తాను సార్’ అన్నాడు. అబద్ధం ఆడే కుర్రాడు కాదు, పెట్టేవాడేమో కూడా. కానీ సాయంత్రం లోపు ఇంకో పది తొట్లు పైకి రావాలి. మీట దగ్గరున్నవాడికి బస్తా తగ్గిన సంగతి తెలీదు, ఎందుకంటే అతను నిలబడేది ముందు, అంచు దగ్గర, కిందికి చూస్తూ.

ఎవరూ ముట్టుకోకపోయినా బస్తా తగ్గుతుంది. సిమెంటు సంచులు ఇప్పుడు ఎక్కువగా ప్లాస్టిక్ నేతవే. మన ఎండకి కొన్ని నెలల్లో ఆ నేత పెళుసెక్కి, వేలు పెడితే చిరిగిపోతుంది. స్లాబు మీద అటూ ఇటూ తిరిగే కాళ్ళు తగిలి, అంచులు రాచుకుపోయి, కిందనున్న బస్తాకి కన్నం పడుతుంది. ఇసుక చప్పుడు లేకుండా జారిపోతుంది. వాన పడితే తడిసి బరువెక్కినట్టు కనిపిస్తుంది, నీళ్ళతో పాటు సన్న ఇసుకా కారిపోతుంది. స్లాబు ఎలాగూ ఇసుకా దుమ్మూ కాబట్టి అక్కడ కొత్తగా పోగుపడ్డ ఇసుక ఎవరి కంటా పడదు.

నన్ను ఎక్కువ భయపెట్టే విషయం ఒకటుంది. బరువు తగ్గిన క్రేన్ ఏ హెచ్చరికా ఇవ్వదు. వైరు రోపు అరిగితే పోగులు లేస్తాయి. గేరు పోతే మోత వస్తుంది. మోటారు కాలితే వాసన వస్తుంది. వెనక సగం బస్తాలు మాయమైనా క్రేన్ అంతే నునుపుగా, అంతే వేగంగా 100 కిలోల తొట్టిని ఎత్తుతుంది. రేపూ ఎత్తుతుంది. బరువెక్కువైన తొట్టి వచ్చిన రోజునో, తొట్టి సజ్జకి తగులుకున్న రోజునో మొత్తం ఒక్కసారిగా బయటపడుతుంది. ‘ఏటీ అవదు సార్, రోజూ ఎత్తుతున్నదే కదా’ అని మిషను కుర్రాళ్ళు నాతో అంటుంటారు. రోజూ ఎత్తడం ఇక్కడ సాక్ష్యం కాదు. రోజూ ఎత్తుతున్నది తేలిక బరువైతే, అది వెనక ఎంతుందో ఏమీ చెప్పదు.

అమెరికాలో కార్మిక భద్రత చూసే ఓషా సంస్థ, భవనం అంచు నుంచి తాళ్ళతో వేలాడే పరంజాలకి పెట్టిన నిబంధనలు ఈ విషయంలో చాలా సూటిగా ఉన్నాయి. తూలించే బలానికి నాలుగింతలు తట్టుకునేలా వెనక బరువుండాలి. ఇసుక, కంకర లాంటి జారిపోయే సరుకు బరువుగా వాడకూడదు. ఇటుకలు, దిమ్మలు లాంటి కట్టుబడి సామాన్లూ వాడకూడదు. బరువు కోసమనే చేసిన దిమ్మలే పెట్టాలి, వాటిని దూలానికి బిగించాలి, పని అయ్యేదాకా తియ్యకూడదు. అవి మనకి వర్తించే నిబంధనలు కావు, పైగా మినీ క్రేన్ గురించి రాసినవీ కావు. కానీ ఇటుకలు కూడా వద్దన్నారంటే, సైటులో వాడుకకొచ్చే వస్తువుని బరువుగా పెడితే ఎవరో ఒకరు తీసుకుపోతారని వాళ్ళకి అనుభవమే నేర్పి ఉండాలి. మధురవాడలో నాకు కనిపించినదీ అదే.

మన చట్టం ఏమంటుంది? 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం, దాని కింద 1998 నిబంధనలు బరువులెత్తే పరికరాలని వదిలిపెట్టలేదు. మొదటిసారి వాడే ముందు పరీక్షించాలి, ఏడాదికి ఒకసారైనా అర్హత ఉన్న వ్యక్తి చేత క్షుణ్ణంగా తనిఖీ చేయించాలి అన్నారు. ఆ చట్టం గడిచిన 12 నెలల్లో ఏ ఒక్కరోజైనా పదిమంది పనిచేసిన సైటుకి వర్తించేది. మామూలు రోజుల్లో అయిదారుగురే ఉండే ఇంటికి కూడా స్లాబు రోజు పాతికమంది వస్తారు, కాబట్టి మన ఇళ్ళు చాలా వరకూ దాని కిందికే వచ్చేవి. అయినా ఒక్క ఇంటి మీద మినీ క్రేన్‌ని చూడటానికి ఎవరైనా వచ్చారని నేను వినలేదు. ఆ చట్టం ఇప్పుడు 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లో కలిసిపోయింది. సొంత ఇంటికిచ్చే మినహాయింపులో కట్టుబడి ఖర్చు పరిమితి 10 లక్షల నుంచి 50 లక్షల రూపాయలకి పెరిగింది. అంటే విశాఖ శివార్లలో మధ్యతరగతి వాళ్ళు కట్టుకునే ఇళ్ళు బోలెడు గీత అవతలికి పోయాయి. వాటికి పూచీ ఎవరిదంటే ఇక మిగిలింది యజమానే.

తనిఖీలతో ఏమవుతుంది, అంతంత పెద్ద క్రేన్లే కూలాయి కదా అనే మాట మన ఊళ్ళో తప్పకుండా వినిపిస్తుంది. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో భారీ క్రేన్‌కి లోడ్ పరీక్ష చేస్తుండగా అది కూలి 11 మంది చనిపోయారు. ఈ ఊరు ఆ రోజుని మర్చిపోలేదు, మర్చిపోకూడదు. పరీక్ష వల్ల ఉపయోగం లేదని దాన్నిబట్టి అనుకోవడం మాత్రం సరికాదు. పరీక్ష అంటేనే కూలే అవకాశం ఉందని ఒప్పుకుని చేసే పని. అందుకే ఆ సమయంలో కిందా మీదా మనిషన్నవాడు ఉండకూడదు. మేడ మీది మినీ క్రేన్‌కి అసలు పరీక్షే లేదు. కాబట్టి రోజూ ఎత్తే ప్రతి తొట్టీ ఒక పరీక్షే, అదీ కింద మనుషులు తిరుగుతుండగా.

మేస్త్రుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి నిజంగా బలమైనది. ‘సార్, ఈ మిషను గొప్పంతా ఎక్కడికి కావాలంటే అక్కడికి పట్టుకుపోవచ్చనే కదా. దాంతోపాటు ముప్పావు టన్ను దిమ్మలు కూడా మొయ్యమంటే ఇంకేం లాభం? ఇసుకయితే ఏ సైటుకెళ్తే అక్కడే ఉంటది’ అంటారు. ఇది కొట్టిపారెయ్యదగ్గ మాట కాదు. మిషను అద్దెకిచ్చేవాళ్ళు బరువు లేకుండా ఉత్త ఫ్రేము పంపించడానికి కారణం కూడా ఇదే.

దీనికి నేను చేయిస్తున్నది ఇది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, నాలుగంగుళాల మందంతో కాంక్రీటు బిళ్ళలు పోయిస్తాను. మిల్లీమీటర్లలో చెప్పాలంటే 300, 300, 100. ఒక్కోటి దాదాపు 21 కిలోలు, కాస్త అటూ ఇటూ. ఒక మనిషి నడుం పట్టెయ్యకుండా ఎత్తగలిగే బరువు. పైన పట్టుకోవడానికి 10 ఎంఎం ఊచ వంచి రెండు పక్కలా దించుతాం. మధ్యలో రెండంగుళాల పైపు ముక్క పెట్టి కన్నం వదులుతాం. క్రేన్ వెనక కాళ్ళ మధ్య అడ్డ చట్రం మీద వరసకొకటి చొప్పున నిలువు రాడ్లు వెల్డింగు చేయించి, ఆ కన్నాల్లోంచి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి దించి, పైన పిన్ను వేసి తాళం పెట్టిస్తాం. రెండు మూడు వరసలుగా 35 బిళ్ళలు పెడితే 720 దాటుతుంది. మొత్తం కాంక్రీటు ఘనమీటరులో మూడో వంతు కూడా కాదు, రెండు బస్తాల సిమెంటు పని. స్లాబు రోజు మిగిలిపోయిన మాలుతోనే సగం అయిపోతుంది. కాంక్రీటు గట్టిపడే దాకా నీళ్ళు కట్టి ఉంచాలి, పచ్చిగా ఉండగా ఎత్తితే మూలలు విరుగుతాయి.

ఇవన్నీ పైకి ఎవరు మోస్తారు? క్రేనే మోస్తుంది. ముందు ఆరు బిళ్ళలు మనుషుల చేత ఎక్కిస్తాం. ఆరంటే 126 కిలోలు, దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే 189. ఒక్క బిళ్ళని కొక్కేనికి తగిలిస్తే ముందుకి తూలించే లెక్క 25 చిల్లర. ఏడింతల తూగు ఉంది. ఒక్కో బిళ్ళా పైకి రాగానే వెనక రాడ్డుకి దించుతాం. తూగు పెరుగుతున్నకొద్దీ రెండేసి, మూడేసి తెస్తాం. తన బరువుని తనే పైకి తెచ్చుకుంటుంది. ఇది చేసి చూపించాక ఒప్పుకోని మేస్త్రి నాకు తగల్లేదు. ఇక సైటు నుంచి సైటుకి తీసుకెళ్ళడమంటారా, మిషను వెళ్ళే ట్రాలీ ఆటోకే ఇంకో ట్రిప్పు. ఆ కిరాయి యజమాని ఇవ్వాలి.

యజమాని అని ఎందుకంటున్నానంటే, మన దగ్గర కట్టుబడి లేబర్ కాంట్రాక్టు చదరపు అడుగుకి ఇంత అని మాట్లాడుకుంటారు. క్రేన్ అద్దె అందులోనే కలిసిపోయి ఉంటుంది. మేస్త్రి మిషను మీద పెట్టే ప్రతి రూపాయీ అతని జేబులోంచే పోతుంది. అలాంటప్పుడు బరువు గురించి అతన్నొక్కణ్ణే తిట్టడం న్యాయం కాదు. గ్రానైటు రంగు దగ్గర, తలుపు చెక్క దగ్గర రోజుల తరబడి బేరాలాడే యజమానులు, తమ స్లాబు అంచున నిలబడ్డ క్రేన్ వెనక ఏముందో ఒక్కసారి కూడా వెళ్ళి చూడకపోవడం నాకు బాధగా ఉంటుంది. బిళ్ళల ఖర్చు వేరుగా రాయించుకుని ఇవ్వండి. ఇల్లయ్యాక ఆ బిళ్ళలు మీవే. పక్క ఇంటివాళ్ళు కడుతుంటే ఇవ్వండి, లేదంటే పెరట్లో నడకదారికి పరుచుకోండి.

బిళ్ళలు పెట్టాం కదా అని ఎక్కడ పడితే అక్కడ నిలబెట్టకూడదు. ముప్పావు టన్ను బిళ్ళలు, మిషను బరువు, ఎత్తే సరుకు కలిపి టన్ను పైమాట. నివాస గృహం స్లాబుని మన ప్రమాణాల్లో చదరపు మీటరుకి 200 కిలోల వాడుక భారానికి లెక్కగడతారు. ఆ టన్ను నాలుగు కాళ్ళ కింద చిన్న చిన్న చోట్ల దిగుతుంది. కాబట్టి ముందు కాళ్ళు దూలం మీదా, వీలైతే స్తంభం పక్కనా రావాలి. కాళ్ళ కింద మందపాటి చెక్కలు వెయ్యాలి. ఇంకా నీళ్ళు కడుతున్న కొత్త స్లాబు మీదా, గోడ ఆధారం లేని బాల్కనీ మీదా క్రేన్ ఎక్కించనే ఎక్కించకూడదు. పైన ఇంకో స్లాబు ఉన్న అంతస్తులో పెడుతుంటే వెనక చట్రం మీంచి పై స్లాబుకి రెండు జాకీలు, అంటే పొడవు సర్దుకునే ఇనప పోట్లు, బిగించమంటాను. బిళ్ళలకి అది తోడు మాత్రమే. పై అంతస్తులో పనివాళ్ళ అదురుకి జాకీ వదులైతే పిలిచి చెప్పేవాడు ఉండడు.

రోపు గురించి కొంచెం. సముద్రం పక్కన ఉన్నాం. రుషికొండ వైపు సైట్లలో కొత్త వైరు రోపు ఒక వానాకాలానికే ఎర్రబారుతుంది. పోర్టు 1933లో మొదలైన ఊరు ఇది. షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు కలిసి ఇక్కడ తరాల తరబడి ఖలాసీలని, అంటే రోపులతో బరువులెత్తే పనివాళ్ళని, తయారుచేశాయి. గాజువాకలో ఉండే ఒక రిటైర్డు ఖలాసీ దగ్గర నేను నేర్చుకున్నది, రోపుని కంటితో చూసి వదిలెయ్యకూడదని. పాత నూలుగుడ్డ ఒకటి రోపు చుట్టూ వదులుగా పట్టుకుని పొడవునా లాగుతారాయన. తెగిన పోగు ఉంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. ఉత్త చేత్తో చేస్తే అరచెయ్యి చీరుకుపోతుంది. కొక్కెం దగ్గర రోపు మడిచి వేసే క్లిప్పులు కూడా ఆయన తిప్పి తిప్పి చూస్తారు. కనీసం మూడుండాలి. క్లిప్పులో వెడల్పుగా ఉండే దిమ్మ భాగం బరువు లాగే రోపు వైపు, యూ ఆకారపు బోల్టు మడిచిన కొస వైపు రావాలి. అటూ ఇటూ మారిస్తే బోల్టు అసలు రోపునే నొక్కి నలిపేస్తుంది. బయట మినీ క్రేన్లలో ఒకటి ఇటూ ఒకటి అటూ వేసినవి ఎన్నో కనిపిస్తాయి. ఆయనలాంటి ఖలాసీలు మన మధ్యనే ఉన్నారు. ఒక పూట పిలిచి, కూలి ఇచ్చి, మిషను చూపించండి.

అంచున నిలబడి తొట్టిని లోపలికి లాగే మనిషి గురించి కూడా చెప్పాలి. నాకు ఎక్కువ దిగులు అతని గురించే. ఒక చేత్తో క్రేన్ గొట్టం పట్టుకుని, నడుం దాకా బయటికి వంగి, రెండో చేత్తో తొట్టి అందుకుంటాడు. బెల్టు ఉండదు. బెల్టు కట్టుకున్న చోట కూడా ఆ తాడు క్రేన్ కాలికే కట్టి ఉండటం చూశాను. క్రేన్ పోతే మనిషిని కూడా తీసుకుపోయే ఏర్పాటు అది. తాడు కట్టాల్సింది స్తంభానికి. తొట్టికి ఒక పొడుగాటి నూలుతాడు వేలాడదీస్తే దాన్ని పట్టి లాక్కోవచ్చు, వంగే పనే ఉండదు. దీనికి అయ్యే ఖర్చు చెప్పుకునేంత కూడా ఉండదు.

గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి వచ్చే గాలికి ఇటుకల తొట్టి పెద్దగా చలించదు కానీ, సెంట్రింగ్ ప్లైవుడ్ షీట్లు కట్ట కట్టి ఎత్తితే తెరచాపలై తిరుగుతాయి. అవి పొద్దున్నే ఎత్తించుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఊరి మీద ఎలా విరుచుకుపడిందో చూసినవాళ్ళం. తుపాను కబురు రాగానే చెయ్యి దించి, మిషను విప్పి, ముక్కలు లోపలి గదిలో పెట్టించాలి. ఆ తుపాను తర్వాత నగరంలో చాలా చోట్ల కరెంటు తీగలు భూమిలోకి పోయాయి, మంచిదైంది. శివార్లలో ఇంకా స్తంభాల మీదే ఉన్నాయి. క్రేన్ చెయ్యి పూర్తిగా తిప్పితే కొన ఎంత దూరం పోతుందో ముందే కింద నిలబడి చూడండి. తీగ దగ్గరలో ఉంటే మిషను ఇంటికి రెండోవైపు పెట్టాలి, తప్పదు.

మిషను మీద ‘300 కేజీ’ అని రాసి ఉంటుంది. మీట నొక్కేవాడికి దాంతో పని జరగదు, తొట్టిలో వేసేది ఇటుకల లెక్కన, బస్తాల లెక్కన కాబట్టి. తొట్టి బరువు ఒక 30 కిలోలు తీసేస్తే మిగిలేది 270. అందుకని క్రేన్ చెయ్యి మీద, కింద సరుకు నింపే చోట గోడ మీద పెద్ద అక్షరాలతో ‘ఇటుకలు 80, సిమెంటు 5 బస్తాలు, అంతకు మించొద్దు’ అని పెయింటుతో రాయిస్తున్నాను. వెనక రాడ్ల మీద 35 బిళ్ళలు ఎంత ఎత్తుకి వస్తాయో అక్కడ ఎర్రగీత గీయిస్తున్నాను, దూరం నుంచి చూసినా ఒక బిళ్ళ తక్కువైతే తెలిసిపోయేలా. ఒడిశా కుర్రాళ్ళున్న సైటులో ఆ రాత ఒడియాలో కూడా ఉండాలి. వాళ్ళలో చదువుకున్నవాడు ఎవరో ఒకరుంటారు, బ్రష్షు అతని చేతికే ఇవ్వండి.